పొలిమేర అవతల ఫ్యాక్టరీ

పెన్సిలు మీ చేతిలోనే ఉంది. ముందున్న కాగితం మీద నలభై కుటుంబాల పేర్లు. పొద్దుగూకేలోపు అందులో పది కొట్టేయాలి.

1932 మార్చి మొదటి వారం. డెట్రాయిట్ నగరపాలక సంస్థ సంక్షేమ శాఖలో మీరొక చిన్న గుమస్తా. బొగ్గు పొదుపు చేయమని పైనుంచి ఆర్డరు, అందుకే గది చల్లగా ఉంది. కోటు విప్పకుండానే కూర్చున్నారు. తలుపు అవతల వరండా నిండా జనం. దగ్గులు వినిపిస్తున్నాయి, చంటిపిల్లల ఏడుపు వినిపిస్తోంది. మాటలు మాత్రం తక్కువ. తెల్లవారకముందు వచ్చి నిలబడ్డవాళ్లకు మాట్లాడే ఓపిక ఎక్కడిది?

మొదటి పేరు: మొగుడూ పెళ్లాం, నలుగురు పిల్లలు. ఆయన ఫోర్డ్ కంపెనీ మనిషి. ఒకప్పుడు. ఏడాది దాటింది పని పోయి. రెండో పేరు: ఒక ముసలావిడ, మంచాన పడ్డ కొడుకు. మూడోది పెళ్లికాని కుర్రాడు. ఒంటి మనిషి కదా, ఎలాగో బతుకుతాడులే అని పెన్సిలు అక్కడ ఆగుతుంది. ఒంటి మనుషుల్ని కిందటిసారే తీసేశారని అప్పుడు గుర్తొస్తుంది. ఇతను ఎలాగో మిగిలిపోయాడు.

ఎవర్ని తీస్తారు? ఎవర్నీ తీయనని అనే వీలు లేదు. మీరు తీయకపోతే పక్క బల్ల మీదాయన తీస్తాడు. నగర ఉద్యోగుల జీతాల్లో ఇప్పటికే కోత పడింది. ఉద్యోగాల్లో కోత వేళ్ల మీద లెక్కపెట్టేన్ని రోజుల దూరంలోనే ఉంది.

కుర్రాడి పేరు మీద గీత గీస్తారు. ఇంకా తొమ్మిది.

ఇంత పెద్ద ఊరికి డబ్బు లేకపోవడమేమిటని మీకూ అనిపిస్తుంది. 15 లక్షల 68 వేల జనాభా, అమెరికాలో నాలుగో పెద్ద నగరం, కార్లకు పుట్టినిల్లు. ఆ కార్లే కొంప ముంచాయి. 1929లో అమెరికా 53 లక్షల వాహనాలు తయారుచేసింది. ఈ ఏడాది ముగిసేసరికి ఆ లెక్క 13 లక్షల దగ్గర ఆగిపోతుంది. 1929 మార్చిలో ఫోర్డ్ జీతాల పట్టీలో 1,28,000 మంది ఉన్నారు. 1931 ఆగస్టు నాటికి మిగిలింది 37,000. నగరానికి ముఖ్యమైన ఆదాయం ఆస్తి పన్ను. పని లేనివాడు ఇంటి పన్ను కట్టడు, కట్టలేడు. మంచిరోజుల్లో మంచినీటి గొట్టాలకూ మురుగు కాలువలకూ రోడ్లకూ నగరం బోలెడు అప్పు చేసింది. గొట్టాలు మట్టి కింద బాగానే ఉన్నాయి. వడ్డీ మాత్రం నేల మీద పెరుగుతోంది. కొత్త అప్పు కావాలంటే ముందు సంక్షేమం ఖర్చు తగ్గించండని బ్యాంకర్లు అంటారు. ఆ మాటే నాలుగు అంతస్తులు దిగి మీ బల్ల మీదికొచ్చి పెన్సిలు గీత అయింది.

మేయర్ ఫ్రాంక్ మర్ఫీ మంచివాడే. ఎర్రజుట్టు, ఎర్రటి దట్టమైన కనుబొమలు, మెత్తని గొంతు. 1930లో గెలిచాడు. గెలిచిన వెంటనే నిరుద్యోగుల కోసం కమిటీ వేశాడు. మూతపడ్డ ఫ్యాక్టరీల్లో నిలవనీడ లేనివాళ్లకు పడకలు వేయించాడు. ఖాళీ స్థలాలిచ్చి, విత్తనాలిచ్చి, కూరగాయలు పండించుకోమన్నాడు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం ప్రభుత్వం పని అని ఈ దేశంలో గట్టిగా నమ్మిన కొద్దిమంది మేయర్లలో ఆయన ఒకడు. అయినా మీ బల్ల మీద ఈ కాగితం ఉంది. మంచివాడైన మేయర్ ఉంటే సరిపోతుందనుకునేవాళ్లు ఒక్కరోజు వచ్చి ఈ కుర్చీలో కూర్చోవాలి.

తల ఎత్తి గోడ మీది మ్యాపు చూడండి. డెట్రాయిట్ మధ్యలో రెండు చిల్లులు కనిపిస్తాయి: హామ్‌ట్రామిక్, హైలాండ్ పార్క్. చుట్టూ డెట్రాయిటే, అవి మాత్రం వేరే ఊళ్లు, వేరే మునిసిపాలిటీలు. పడమటివైపు డియర్‌బోర్న్. ఫోర్డ్ వారి మహా కర్మాగారం రూజ్ ఆ ఊళ్లో ఉంది. అంటే ఫ్యాక్టరీ మీద పన్ను డియర్‌బోర్న్‌కు పోతుంది. ఫ్యాక్టరీ బయటికి నెట్టిన మనుషుల్లో చాలామంది మాత్రం డెట్రాయిట్ ఇరుకిళ్లలో ఉంటారు, మీ వరండాలో నిలబడతారు. వాళ్ల ఆకలి మీ నగరానిది, ఆ లాభం మీద పన్ను పక్క ఊరిది. ఈ చిక్కు తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. 2007 ఏప్రిల్‌లో గ్రేటర్ హైదరాబాద్ ఏర్పడేదాకా హైదరాబాదు చుట్టూ పటాన్‌చెరు, కుత్బుల్లాపూర్, ఉప్పల్ లాంటి 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు దేనికదే విడిగా ఉండేవి. మనుషులు రోజూ గీత దాటి పనికి పోయి గీత దాటి ఇంటికొచ్చేవాళ్లు. వాళ్ల వెంట పన్ను మాత్రం వచ్చేది కాదు.

మీరు ఇప్పుడు ఆ గీత దాకా నడవబోతున్నారు.

మార్చి 7, సోమవారం. నగరం నైరుతి మూల, ఫోర్ట్ స్ట్రీట్. రూజ్ ఫ్యాక్టరీ దాకా నిరుద్యోగుల ఆకలి యాత్ర. మన జాబితాల్లో వాళ్లు ఎంతమంది ఉన్నారో చూసి రమ్మని మీ పై ఆఫీసరు పంపించాడు. మూడు వేలకు పైనే ఉంటారు. తెల్లవాళ్లు, నల్లవాళ్లు, పోలండు యాస, ఇటలీ యాస, అందరూ కలిసే నడుస్తున్నారు. చలి ఎముకలు కొరుకుతోంది. పక్కనున్నాయన బూట్లలో అట్టముక్కలు పెట్టుకున్నాడు. వీళ్ల కోరికలు మీకు తెలుసు: పని ఇవ్వాలి, యంత్రం వేగం తగ్గించాలి, చలికాలం పొయ్యికి బొగ్గు కావాలి, ఫోర్డ్ ఆసుపత్రిలో ఉచితంగా వైద్యం చేయాలి, నల్లవాళ్ల మీద వివక్ష పోవాలి.

డెట్రాయిట్ పోలీసులు పక్కనే ఉన్నారు. లాఠీ ఎత్తడం లేదు. దారి చూపిస్తున్నారు. మర్ఫీ చెప్పింది అదే: నడవనివ్వండి. ఎవరో పాట అందుకుంటారు. మీరు జాబితా సంగతి మరిచిపోయి నడుస్తుంటారు. నీలం టోపీ పెట్టుకున్న ఆ కుర్రాడిని ఎక్కడో చూసినట్టుంది. ఎక్కడ? వరండాలోనా?

అదిగో, పొలిమేర.

రోడ్డు అదే. మట్టి అదే. డెట్రాయిట్ పోలీసులు ఇక్కడ ఆగిపోతారు. ఎదురుగా డియర్‌బోర్న్ పోలీసులు వరస కట్టి నిలబడ్డారు. పర్మిట్ ఉందా అని అడుగుతారు. లేదు. వెనక్కి పొండి. జనం ముందుకే కదులుతారు.

టప్ మని ఒక శబ్దం. తెల్లటి పొగ. కళ్లు మండిపోతాయి. ముక్కు మండుతుంది. ఊపిరి అందదు. గాలి అటు తిరిగింది, పొగ చెదిరింది. జనం గడ్డకట్టిన మట్టిపెళ్లలు విసురుతున్నారు. రాళ్లు. పోలీసులు వెనక్కి తగ్గుతున్నారు. మీరు ముందుకు పోతారా, వెనక్కి పోతారా? వెనక్కి పోయే దారి లేదు. జనం నెడుతున్నారు.

ఫ్యాక్టరీ గేటు. పైన వంతెన. వంతెన మీద గొట్టాలు. నీళ్లు. ఈ చలిలో నీళ్లు! కోటు తడిసింది. వేళ్లు కదలవు.

తుపాకీ.

ఒకటి కాదు.

పడుకోండి. మొహం మట్టిలో పెట్టండి. ఎవరో మీ మీదుగా పరుగెత్తారు. ఎవరో పడ్డారు. లేవడం లేదు.

మళ్లీ.

ఆగింది.

నలుగురు చనిపోయారు. వాళ్లలో అందరికన్నా చిన్నవాడికి పదహారేళ్లు. అరవై మందికి పైగా గాయపడ్డారు. గాయపడ్డవాళ్లలో మరొకాయన కొన్ని నెలల తర్వాత పోతాడు. కాల్చింది డియర్‌బోర్న్ పోలీసులు, ఫోర్డ్ కంపెనీ కాపలాదార్లు. డియర్‌బోర్న్ మేయర్ క్లైడ్ ఫోర్డ్. అవును, హెన్రీ ఫోర్డ్‌కు చుట్టమే. అయిదు రోజుల తర్వాత డెట్రాయిట్ వీధుల్లో శవయాత్ర సాగుతుంది. వేలకు వేలమంది నడుస్తారు. ఆ జనంలో మీరు నీలం టోపీ కోసం వెతుకుతారు.

మళ్లీ ఆఫీసు. మళ్లీ కాగితం. ఈసారి మీరు మేయర్ కుర్చీలో కూర్చున్నట్టు అనుకోండి. ఏం చేస్తారు?

పొలిమేర అవతలి పోలీసులకు మీ మాట చెల్లదు. అవతలి ఫ్యాక్టరీ మీద మీ పన్ను పడదు. సరే, రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌కు వెళ్లి అడుగుతారా? అక్కడి శాసనసభలో పల్లె జిల్లాల బలం ఎక్కువ. నగరం వాళ్లు దుబారా మనుషులని వాళ్ల అభిప్రాయం. వాషింగ్టన్ వెళ్తారా? ప్రెసిడెంట్ హూవర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: పేదల్ని ఆదుకోవడం స్థానికుల బాధ్యత, దానధర్మాల బాధ్యత, రాష్ట్రాల బాధ్యత. అదే హూవర్ ప్రభుత్వం జనవరిలో బ్యాంకులకూ రైల్వే కంపెనీలకూ అప్పులివ్వడానికి 50 కోట్ల డాలర్ల మూలధనంతో ఒక కార్పొరేషన్ పెట్టింది. బ్యాంకు మునిగితే దేశ సమస్య, ఊరు మునిగితే ఊరి సమస్య.

అసలు వాషింగ్టన్ తలుపు తట్టే హక్కు మీకుందా? అమెరికా రాజ్యాంగంలో నగర ప్రభుత్వాల ఊసే లేదు. నగరమంటే రాష్ట్రం పుట్టించిన బిడ్డ, రాష్ట్రం ఇచ్చినంతే దాని అధికారమని కోర్టులు చెబుతూ వచ్చాయి. మేయర్ నేరుగా ప్రెసిడెంటును అడగడమంటే ఇంటిపెద్దను దాటి ఊరిపెద్ద దగ్గరికి పోవడమే. (మన రాజ్యాంగంలోకి మునిసిపాలిటీలు 74వ సవరణతో గానీ రాలేదు. అది అమల్లోకొచ్చిన రోజు 1993 జూన్ 1. ఆ తేదీని కాస్త గుర్తుపెట్టుకోండి.)

నగరాలకు సంఘాలు లేవని కాదు. మునిసిపాలిటీల రాష్ట్ర సంఘాలు చాలాకాలంగా ఉన్నాయి. 1924లో అలాంటి పది సంఘాలు కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్ పట్టణంలో కలిసి అమెరికన్ మునిసిపల్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. ఏ ఊళ్లో నీటి మీటర్లు ఎలా పనిచేస్తున్నాయి, రోడ్డు మీద తారు ఎంత మందం వేస్తే ఎన్నాళ్లు నిలుస్తుంది, పక్క ఊరు చేసిన తప్పు మనం చేయకుండా ఎలా తప్పించుకోవాలి: వాళ్లు పంచుకునేవి ఇలాంటివి. చిన్నచూపు చూడకండి, ఊళ్లు నడిచేది వీటి మీదే. కానీ ఇప్పుడు కావలసింది తారు లెక్క కాదు. ఒకే గొంతుతో వేసే పెద్ద కేక.

మే నెల. మిమ్మల్ని కొన్నాళ్లు మేయర్ ఆఫీసుకు పంపించారు, టైపు బాగా కొడతారని. మర్ఫీ ముందు మిషిగన్ రాష్ట్రంలోని మేయర్లను కూడగట్టాడు. ఇప్పుడు దేశంలోని పెద్ద నగరాలన్నిటికీ ఆహ్వానాలు. జూన్ 1న డెట్రాయిట్ రండి. టైపు మిషను మోగుతూనే ఉంది. బోస్టన్. మిల్వాకీ. ఒక్కో ఉత్తరం అడుగున ఒక్కో ఊరి పేరు. ప్రతి ఊళ్లోనూ మీలాంటి గుమస్తా ఒకడు ఉంటాడని, అతని చేతిలోనూ పెన్సిలు ఉంటుందని మొదటిసారి తట్టింది మీకు. డెట్రాయిట్ ఒక్కటే చేతకానిదని ఇన్నాళ్లూ పత్రికలు రాస్తుంటే, అదే నిజమని మీరూ సగం నమ్మారు.

జూన్ 1, బుధవారం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న రోజే, ఏడు మాత్రం 1932. హాలు నిండా చుట్ట పొగ. మీరు గోడ వారగా నోటుబుక్కుతో కూర్చున్నారు. పాలిష్ పెట్టిన బూట్లు, గొలుసు గడియారాలు, ఓట్లు గెలవడం తెలిసిన గొంతులు. ఒక్కొక్కరే లేచి తమ ఊరి లెక్క చెబుతుంటే గొంతు మారుతోంది. ఊళ్లే వేరు, కథ ఒకటే: పన్నులు రావడం లేదు, బాండ్లు ఎవరూ కొనడం లేదు, సంక్షేమం సొమ్ము నెలాఖరు దాకా రాదు.

బోస్టన్ మేయర్ జేమ్స్ మైకేల్ కర్లీ లేస్తాడు. మాటల మాంత్రికుడు. ఇతనికి ముందే ఒకసారి జైలుకెళ్లొచ్చిన చరిత్ర ఉంది, తర్వాత మేయర్‌గా ఉండగానే ఇంకోసారి వెళ్తాడు. మరోపక్క మిల్వాకీ మేయర్ డేనియల్ హోన్. సోషలిస్టు. నిజాయితీకీ పొదుపైన పాలనకూ పేరుపడ్డవాడు. ఈ ఇద్దరూ మరోచోటైతే ఒక బల్ల దగ్గర కాఫీ కూడా తాగరేమో. నగరాల సంఘమంటే పుణ్యాత్ముల సభ అనుకోనక్కర్లేదు. ఖజానా ఖాళీ అయ్యాక పార్టీ జెండా రంగు కాస్త వెలిసిపోతుంది, అంతే.

ప్రతిపాదన బల్ల మీదికొస్తుంది. కేంద్రం 500 కోట్ల డాలర్ల అప్పు తెచ్చి ప్రజాపనులు మొదలుపెట్టాలి. ఆకలి తీర్చడానికి తక్షణం సాయం చేయాలి. నగరాల పాత అప్పులు తిరగరాయడానికి తోడ్పడాలి.

హాలు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. 500 కోట్లు! యుద్ధానికి అడిగేంత సొమ్ము.

మీరే ఆ కుర్చీల్లో ఒక మేయర్ అయితే? చెయ్యెత్తితే రేపు పత్రికలో పడుతుంది: మా ఊరు దివాళా అంచున ఉందని మేయరే ఒప్పుకున్నాడని. ఎల్లుండి ఆ ఊరి బాండ్లు కొనేవాడుండడు. చెయ్యెత్తకపోతే? ఊరి ఆకలి ఊరికే మిగులుతుంది. ఎత్తాక కేంద్రం డబ్బిచ్చి రేపు పెత్తనం చేస్తే? మీ రాష్ట్ర గవర్నరుకు కోపమొస్తే? పక్కవాడు ఎత్తాడా? ముందు వరసవాళ్లు ఎత్తారా?

ఒక్కడే ఎత్తితే దివాళా మేయర్. అందరూ కలిసి ఎత్తితే అది దేశం సమస్య. హాల్లో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి అర్థమైంది ఇదే. తీర్మానం నెగ్గింది. దాన్ని తీసుకుని ప్రెసిడెంటు దగ్గరికీ కాంగ్రెసు దగ్గరికీ వెళ్లేందుకు మేయర్ల బృందం సిద్ధమైంది. ఆ కాగితానికి నకళ్లు తీసింది మీరు. కార్బన్ మసి వేళ్లకు అంటుకుంది.

సంఘం చేయగలిగింది ఇంతే. దానికి పన్ను వేసే అధికారం లేదు, పోలీసు లేడు, చట్టం లేదు. విడివిడిగా సిగ్గుపడుతున్నవాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి వాళ్ల చేతికి ఒకే కాగితం ఇస్తుంది. అది చిన్న పనే అనుకుంటే మార్చి 7న గీత దగ్గర ఒంటరిగా నిలబడ్డ నగరాన్ని గుర్తుతెచ్చుకోండి.

ఫలితం వెంటనే రాలేదు, అడిగినంతా రాలేదు. కాంగ్రెసు పెద్ద బిల్లు ఒకటి పాస్ చేస్తే జూలై 11న హూవర్ దాన్ని వీటో చేశాడు. రాజీ బిల్లు మీద జూలై 21న సంతకం పెట్టాడు. అందులో సహాయానికి దక్కింది 30 కోట్ల డాలర్లు. అదీ రాష్ట్రాలకు అప్పుగా, వడ్డీతో. అడిగిన 500 కోట్లతో పోలిస్తే చిల్లర. అయినా ఊళ్లలో నిరుద్యోగుల తిండికి కేంద్రం సొమ్ము కదలడం ఈ దేశంలో ఇదే మొదలు. మిషిగన్ వాటాలోంచి డెట్రాయిట్‌కూ కొంత అందింది. మీ బల్ల మీదికి కొత్త కాగితం వస్తుంది. ఈసారి కొట్టేయాల్సిన పేర్లు కాదు, తిరిగి రాసుకోవాల్సినవి. నలభై కాదు, కొన్నే. ఎవర్ని రాస్తారు? కొట్టేయడం కన్నా ఇదేమీ తేలిక కాదని తెలుస్తుంది.

చలికాలం మళ్లీ వస్తుంది. ఇంకా ఘోరంగా.

1933 ఫిబ్రవరి 14, మంగళవారం. తెల్లారేసరికి వార్త. గవర్నరు రాష్ట్రంలోని బ్యాంకులన్నీ మూయించాడు. ఎనిమిది రోజులు. మీ జేబు చూసుకోండి. నాలుగు డాలర్లు, కొంత చిల్లర. జీతం చెక్కు ఉంది, దాన్ని మార్చేవాడు లేడు. పచారీ కొట్టువాడు అరువివ్వనంటాడు. నగరం సొమ్మూ ఆ బ్యాంకుల్లోనే ఇరుక్కుంది.

అయినా రైలెక్కాలి. వాషింగ్టన్‌లో మేయర్ల సమావేశం. కిందటేడాది ఒక్కసారి కలిసి విడిపోయినవాళ్లు ఈసారి శాశ్వతంగా ఒక సంఘం పెట్టుకోబోతున్నారు. కాగితాల పెట్టె మీ ఒళ్లో ఉంది. కిటికీ అవతల మంచు, చీకటి. దారిలో ఏదో స్టేషను. పేపరు కుర్రాడు అరుస్తున్నాడు.

మయామీలో కాల్పులు.

గురి రూజ్‌వెల్ట్ మీద. మార్చిలో ప్రెసిడెంటు కాబోయే మనిషి. ఆయనకేమీ కాలేదు. తూటా తగిలింది షికాగో మేయర్ ఆంటన్ చెర్మాక్‌కు.

మేయర్‌కు.

షికాగోలో టీచర్లకు నెలల తరబడి జీతాల్లేవు. కొత్త ప్రెసిడెంటు మొహం చూసి సాయం అడుగుదామని ఆయన అంత దూరం పోయాడు. ఒంటరిగా. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. మార్చి 6న చనిపోతాడు.

ఫిబ్రవరి 17న వాషింగ్టన్‌లో యునైటెడ్ స్టేట్స్ కాన్ఫరెన్స్ ఆఫ్ మేయర్స్ లాంఛనంగా ఏర్పడింది. మొదటి అధ్యక్షుడు మర్ఫీ. సంఘం రోజువారీ పని చూసుకోవడానికి పాల్ బెటర్స్ అనే యువకుడిని పెట్టుకున్నారు. మునిసిపల్ అసోసియేషన్ దగ్గర పని నేర్చినవాడు. పత్రికల్లో ఇతని పేరు పెద్దగా పడదు. కానీ ఏ బిల్లు ఎప్పుడు వస్తోంది, ఏ కమిటీ ముందు ఏ మేయర్ మాట్లాడాలి, ఏ ఊరి అంకె దేని పక్కన పెడితే కాంగ్రెసు సభ్యుడు తలెత్తి చూస్తాడు అన్నది తెలిసినవాడు ఒకడు వాషింగ్టన్‌లో కూర్చోకపోతే, తీర్మానాలన్నీ ఎవరి సొరుగులోనో పడుకుంటాయి. ఏ సంఘమైనా బతికేది అధ్యక్షుడి ఉపన్యాసంతో కాదు, ఇలాంటి ఆఫీసుతో.

ఆ తర్వాత పనులు వేగంగా జరిగాయి. 1933 మే 12న కేంద్ర సహాయ చట్టం వచ్చింది: 50 కోట్ల డాలర్లు, ఈసారి అప్పు కాదు, గ్రాంటు. నవంబరులో పౌర పనుల పథకం మొదలైంది. రెండు నెలల్లో దేశమంతా 40 లక్షల మందికి పైగా పారలూ పలుగులూ పట్టుకుని రోడ్ల మీదికి, బడుల మరమ్మతులకి, కాలువ పనులకి వెళ్లారు. ఇదంతా మేయర్లే సాధించారంటే అతిశయోక్తి అవుతుంది. రూజ్‌వెల్ట్ గెలవకపోతే జరిగేది కాదు. కానీ గెలిచినవాడి దగ్గరికి నగరాలు ఖాళీ చేతులతో పోలేదు. అడగవలసింది ఏమిటో ఏడాది ముందే డెట్రాయిట్‌లో రాసిపెట్టుకున్నాయి. 1935 నుంచి పదేళ్లు ఆ సంఘానికి న్యూయార్క్ మేయర్ లగార్డియా అధ్యక్షుడు. అప్పటికి మేయర్లు వాషింగ్టన్ తలుపు తట్టడం మానేశారు. తలుపు తీసే ఉంటోంది.

ఒక్క కాగితం మాత్రం మీరు ప్రత్యేకంగా దాచుకోండి. అప్పు తీర్చలేని నగరం ఏం చేయాలి? కంపెనీ అయితే దివాళా తీసి మూసేస్తారు. ఊరిని ఎలా మూస్తారు? అప్పులవాళ్లు నీళ్ల పంపు పట్టుకుపోతారా, ఫైరింజను పట్టుకుపోతారా? కోర్టు నీడలో నగరం తన అప్పును తిరగరాసుకునే చట్టం కావాలని మేయర్లు కాంగ్రెసును అడిగారు. మర్ఫీ అందులో ముందున్నాడు. 1934 మే 24న ఆ చట్టం వచ్చింది. 1936లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1937లో కాంగ్రెసు దాన్ని సరిదిద్ది మళ్లీ చేసింది. మరుసటి ఏడు అదే కోర్టు ఒప్పుకుంది. అప్పటికి మర్ఫీ మిషిగన్ గవర్నరు. 1940లో తానే ఆ సుప్రీంకోర్టు జడ్జి అయ్యాడు.

తర్వాతి రోజుల్లో డెట్రాయిట్ నుంచి కార్ల ఫ్యాక్టరీలు చాలావరకు పొలిమేర దాటి, రాష్ట్రం దాటి, దేశం దాటి పోయాయి. జనాభా సగానికి పైగా తగ్గింది. పాత చిక్కే, ఇంకా పెద్దదై వచ్చింది: పన్ను కట్టేది అవతల, కాలువలూ పింఛన్లూ ఇవతల. 2013 జూలై 18న డెట్రాయిట్ దాదాపు 1,800 కోట్ల డాలర్ల అప్పుతో కోర్టుకెక్కింది. అమెరికా చరిత్రలో అంతకన్నా పెద్ద నగర దివాళా లేదు. 1930లలో మేయర్లు పట్టుబట్టి తెచ్చుకున్న ఆ చట్టం వారసత్వంలోనే, దివాళా చట్టంలోని చాప్టర్ 9 కింద ఆ నగరం రక్షణ కోరింది. పోలీసు, అగ్నిమాపక సిబ్బంది కాక మిగతా విశ్రాంత నగర ఉద్యోగుల నెలసరి పింఛనులో 4.5 శాతం కోత పడింది. 2014 డిసెంబరులో డెట్రాయిట్ దివాళా నుంచి బయటపడింది.